‘వస్తా’ అంటే స్విచ్ వేయకు

గ్రేసు తెచ్చిన పుస్తకం

మా చెల్లెలి మనవరాలు గ్రేసుకు పులివెందుల దగ్గర ఒక సబ్‌స్టేషన్‌లో షిఫ్టు ఆపరేటర్ ఉద్యోగం వచ్చింది. చేరే ముందు శిక్షణ ఇచ్చారట. అది ముగించుకుని ప్రొద్దుటూరులో మా ఇంటికి వచ్చి, రంగురంగుల పుస్తకం ఒకటి నా ఒళ్ళో పెట్టింది. అట్ట మీద పెద్ద అక్షరాలతో ‘సెల్ఫ్ మేనేజ్‌మెంట్’ అని ఉంది. లోపల కాల నియంత్రణ, కోప నియంత్రణ, ఒత్తిడి నియంత్రణ, లక్ష్యాలు, ఇంకా ఏవేవో బాణం గుర్తులు, గుండ్రాలు.

“తాతా, మీ కాలంలో ఇవన్నీ నేర్పినారా?” అంది.

“మా కాలంలో పోలు ఎక్కేది నేర్పినారమ్మా. దిగేది ఎవరికి వాళ్ళం నేర్చుకున్న్యాం” అన్నాను.

నవ్వి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను మాత్రం ఆ పుస్తకం మొత్తం చదివాను. చెడ్డ పుస్తకమేమీ కాదు. చెప్పినవన్నీ నిజాలే. కానీ చదివినంతసేపూ ఎక్కడా ఒక మనిషి కనపడలేదు. కోపం అణుచుకోవాలి అని ఉంది, ఎవరి మీద కోపం, ఆ కోపంలో చెయ్యి ఎక్కడుంది, అవతల ఎవరి ప్రాణం ఉంది అన్నది లేదు. అందుకే ఇది రాస్తున్నాను. గ్రేసు చదవకపోయినా ఫర్వాలేదు, వాళ్ళ బ్యాచ్‌లో ఎవరో ఒకరు చదువుతారు.

నా ప్రమోషన్ల గురించి, ట్రాన్స్‌ఫర్ల గురించి రాయను. అవి రాస్తే నాకే నిద్ర వస్తుంది. ఒకే ఒక్క మాట గురించి రాస్తాను. ఆ మాట మనందరం రోజుకు పదిసార్లు అంటాం.

ఎర్ర బోర్డు

జమ్మలమడుగు నుంచి పెద్దముడియం వెళ్ళే దారిలో ఉండేది మా సబ్‌స్టేషన్. చుట్టూ నల్లరేగడి, శనగ చేలు. ఒక గది, గదిలో వరసగా స్విచ్‌లు, గోడకు ఒక ఫోను. ఒక్కో దిక్కు ఊళ్ళకు ఒక్కో లైను, ఒక్కో లైనుకు ఒక స్విచ్. లైన్‌మన్ ఎక్కడైనా పోలు ఎక్కాలంటే ముందు మాకు చెప్పాలి. మేము ఆ లైను ఆపి, స్విచ్‌కు ‘మనుషులు పనిచేస్తున్నారు’ అని ఎర్ర బోర్డు తగిలించి, రిజిస్టర్‌లో రాసి ఒక నెంబరు ఇస్తాం. దాన్ని లైన్ క్లియర్ అంటారు. పని ముగించి అతనే ఆ నెంబరు తిరిగి చెప్పేదాకా స్విచ్ ముట్టుకోకూడదు. ఇంతే ఉద్యోగం. చెప్పడానికి ఇంతే.

ఆ స్విచ్‌కు తాళం ఉండేది కాదు. ఎర్ర బోర్డు ఒక దారానికి వేలాడేది. తీసి పక్కన పెట్టడానికి ఒక క్షణం చాలు. అంటే అక్కడ తాళం నా చెయ్యే. ఇది నాకు చెప్పినవారు మా లైన్ ఇన్‌స్పెక్టర్ ఖాదర్ సార్. జమ్మలమడుగు మనిషి, తెల్లటి ఇస్త్రీ చొక్కా, జేబులో ఎప్పుడూ సోంపు. చేరిన మొదటి రోజు నన్ను ఆ స్విచ్‌ల ముందు నిలబెట్టి అడిగారు.

“కోపం జాస్తినా నీకు?”

“లేదు సార్.”

“అబద్ధం. ముక్కు చూస్తే తెలుస్తాంది. కోపమొస్తే ఏం చేస్తావు?”

ఆయనే చెప్పారు.

“రీడింగు రాయి. ఈ మీటర్లన్నీ ఈ మూల నుంచి ఆ మూల దాకా, ఒక్కోటి నిదానంగా చూసి రాయి. గంటకోసారి రాసేదే, గంట కాకపోయినా రాయి. రాసే చెయ్యి స్విచ్ మీదికి పోదు.”

మా నాయన మిషన్ బడిలో పంతులు. ఇంట్లో సహనం గురించి, సాత్వికం గురించి చాలా విన్నాను. అవన్నీ మంచి మాటలే. కానీ నాకు పనికొచ్చిన సహనం మాత్రం ఖాదర్ సార్ చెప్పిన రీడింగు రాయడమే. గ్రేసూ, కోపం వచ్చాక దాన్ని ఆపడం ఎవరి వల్లా కాదు. చేతికి వేరే పని ఇవ్వడం ఎవరి వల్లైనా అవుతుంది.

కాకి

ఇప్పుడు నా తప్పు.

మా లైన్‌మన్ నారాయణ. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. సన్నటి మనిషి, పోలు ఎక్కడం చూస్తే మెట్లు ఎక్కినట్టే ఉండేది. ఆయన సైకిలుకు అడ్డంగా ఎప్పుడూ ఒక పొడవాటి కర్ర కట్టి ఉండేది. కర్ర కొసన కొక్కెం, కొక్కేనికి గొలుసు, గొలుసు చివర నేలలో దిగ్గొట్టే ఇనుప మేకు. పని మొదలుపెట్టే ముందు కింద నుంచే ఆ కొక్కెం తీగకు తగిలించాలి. పొరపాటున లైనులోకి కరెంటు వచ్చినా అది భూమిలోకి దిగిపోతుంది, సబ్‌స్టేషన్‌లో స్విచ్ తనంతట తానే పడిపోతుంది. బరువని చాలామంది దాన్ని ఇంట్లో వదిలేసి వచ్చేవాళ్ళు. నారాయణను చూసి నవ్వేవాళ్ళు కూడా. నేనూ నవ్వాను.

ఒకరోజు పొద్దున నారాయణ లైన్ క్లియర్ తీసుకుని వెళ్ళాడు. ఎక్కడో జంపరు తెగింది. జంపరంటే పోలు మీద ఈ తీగనూ ఆ తీగనూ కలిపే చిన్న ముక్క. పదకొండింటికల్లా మా గేటు దగ్గర రైతులు పోగయ్యారు. కుందూ ఏటి ఒడ్డున వాళ్ళ మోటార్లు ఆగిపోయాయి, నారుమళ్ళు ఎండుతున్నాయి. “ఏమప్పా దానేలూ, నిద్ర పోతాండావా?” అని ఒకరు, “వాళ్ళ ఊరికైతే ఇంతసేపు ఆపుతారా?” అని ఇంకొకరు. నా ముక్కు సంగతి ఖాదర్ సార్ చెప్పారు కదా. లోపల ఉడికిపోతున్నాను. రీడింగు రాయడం గుర్తుకే రాలేదు.

అప్పుడు ఫోను మోగింది. నారాయణే, ఆ ఊరి టెలిఫోన్ బూత్ నుంచి. లైనంతా బరబరమని శబ్దం.

“దానేలూ... జంపరు... కనపడ...” మళ్ళీ బరబర. “సరే, వస్తా.”

పెట్టేశాడు.

నాకు స్పష్టంగా వినపడిన మాట ఒక్కటే. వస్తా. పని అయిపోయింది, బయలుదేరి వస్తున్నాడు అనుకున్నాను. నెంబరు చెప్పలేదే అన్న ఆలోచన ఒక్క రవ్వంత వచ్చింది, నిజమే. గేటు దగ్గర అరుపులు దాన్ని తోసేశాయి. ఎర్ర బోర్డు తీసి స్విచ్ వేశాను.

వేసిన స్విచ్ ఢామ్మని తనంతట తానే పడిపోయింది.

అప్పుడు వెలిగింది నాకు. మన వాళ్ళెవరూ వెళ్ళేటప్పుడు ‘పోతా’ అనరు. అది అపశకునం. ఇంట్లోంచి బయటికి వెళ్ళినా, ఫోను పెట్టేస్తున్నా ‘వస్తా’ అనే అంటారు. నారాయణ అన్నది అదే. జంపరు కనపడింది, కట్టడానికి పోతున్నాను అని చెప్పి, పద్ధతిగా ‘వస్తా’ అని ఫోను పెట్టేశాడు. ఈ తప్పు ఇంకో దేశంలో ఎవడూ చెయ్యడు. చేయాలంటే తెలుగువాడై ఉండాలి.

బూత్‌కు ఫోను చేశాను, ఎవరూ ఎత్తలేదు. సబ్‌స్టేషన్ వదిలి వెళ్ళకూడదు. గేటు దగ్గర రైతులు నా ముఖం చూసి నోరు మూసుకున్నారు. మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేద్దామనుకుంటే మొదటి మాట దాటి ముందుకు సాగలేదు. నారాయణ భార్య ఈశ్వరమ్మ ముందు రోజే మా ఇంటికి గోంగూర పంపింది. అది మా గిన్నెలోనే ఉంది ఇంకా. ఆ గిన్నె ఆమెకు ఏ ముఖంతో తిరిగివ్వాలి అని, అదొక్కటే తిరుగుతోంది బుర్రలో.

ముప్పావు గంటకు సైకిలు చప్పుడు వినపడింది. కర్ర అడ్డంగా కట్టుకుని నారాయణే. ఏడ్చేశాను, సిగ్గేమీ లేదు చెప్పుకోవడానికి.

“సగం పోలు ఎక్కినా. గొలుసు కాడ నిప్పులు రాలినాయి” అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. “ఏంది దానేలూ, వస్తా అనింటే ఎసేస్తావా?”

“వస్తా అంటే వస్తాండావేమో అనుకున్న్యా.”

“మరి పోతా అని ఎట్ల అనేదప్పా, పోలు ఎక్కే ముందు?”

ఆయన మంచినీళ్ళు తాగి రిజిస్టర్ నా ముందుకు జరిపాడు. “కాకి పడింది అని రాయి. నీకు చిన్న పిల్లలుండారు. ఎవురికీ తెల్దులే” అన్నాడు. చావు తప్పించుకుని వచ్చిన మనిషి నా ఉద్యోగం గురించి ఆలోచిస్తున్నాడు! నేనేమో అలాగే రాశాను. కారణం: కాకి.

మరుసటి రోజు ఖాదర్ సార్ వచ్చారు. రిజిస్టర్ చదివారు. సోంపు నోట్లో వేసుకున్నారు.

“కాకి యాడ?”

“ఏం కాకి సార్?”

“చచ్చిన కాకి. లైను మీద పడితే కింద పడుంటుంది గదా. ఒక కాకి చస్తే ఊళ్ళో కాకులన్నీ వచ్చి గోల చేస్తాయి. నేను ఆడి నుంచే వస్తాండా. శానా గమ్మునుంది. కాకిని చూపీ.”

చెప్పేశాను మొత్తం.

స్తంభం మీద ఒక పూట

సస్పెండ్ చేస్తారనుకున్నాను. ఆయన రిజిస్టర్‌లో కాకిని నా చేతే కొట్టించి, కింద జరిగింది జరిగినట్టు రాయించారు. పైవాళ్ళకు పంపించారు. నాకు మెమో వచ్చింది, ఇంక్రిమెంటు ఒకటి ఆగింది. అది పెద్ద విషయం కాదు. ఆయన వేసిన అసలు శిక్ష వేరే.

తర్వాతి వారం అదే లైను మీద తీగను మోసే పింగాణీ ఇన్సులేటర్ మార్చే పని పడింది. ఖాదర్ సార్ నారాయణను తీసుకెళ్ళి నా కుర్చీలో కూర్చోబెట్టారు. నారాయణ బెల్టు తీసి నా నడుముకు కట్టారు.

“నీ స్విచ్ ఆయన దగ్గరుంది. పోలు నీది. పా” అన్నారు.

ఎక్కాను. పైన గాలి వీస్తోంది. తీగ నా ముఖానికి మూరెడు దూరంలో ఉంది. గొలుసు తగిలించి ఉందని తెలుసు, నారాయణ ఎంత జాగ్రత్త మనిషో తెలుసు. అయినా అక్కడి నుంచి మా సబ్‌స్టేషన్ గది అగ్గిపెట్టెంత కనపడుతుంటే నాకు ఒకటే ఆలోచన: ఆ గదిలోకి ఇప్పుడెవరు వచ్చారు? నారాయణతో ఏం మాట్లాడుతున్నారు? ఆయనకు కోపం తెప్పిస్తున్నారా? చేతులు వణికి నట్టు రెండుసార్లు కింద పడేశాను. కింద నిలబడిన ఖాదర్ సార్ రెండుసార్లూ తాడుకు కట్టి పైకి పంపించారు.

నేను చూసిన అధికారుల్లో ఆయన్ను మించినవారు లేరు. తప్పు చేసినవాణ్ణి తిట్టడం ఎవరైనా చేస్తారు. తప్పు అవతలి వైపు నుంచి ఎలా ఉంటుందో చూపించడానికి తీరిక, ఓపిక ఉండాలి.

దిగి వచ్చాక నారాయణా నేనూ కూర్చుని ఒక ఒప్పందం చేసుకున్నాం. లైను తీసుకునేటప్పుడు నెంబరు చెప్పి ‘లైను నాది’ అనాలి. పని ముగిసి దిగాక నెంబరు చెప్పి ‘లైను నీది’ అనాలి. ఆ మాట ఆయన గొంతుతోనే నేను వినాలి. ఇంకెవరు చెప్పినా చెల్లదు. ‘వస్తా’ అనే మాట మాత్రం మా ఇద్దరి మధ్య ఇక ఉత్త మర్యాదే.

పెద్దాయన వచ్చిన మధ్యాహ్నం

అవి పార్టీల రోజులు. మా వైపు పార్టీ అంటే జెండా కంటే ముందు మనిషి. మా లైను మీద పై ఊరు ఒకరిది, కింది ఊరు ఇంకొకరిది. రెండు ఊళ్ళ మధ్య అప్పటికే ప్రాణాలు పోయి ఉన్నాయి. నేను రెండు ఊళ్ళ పెళ్ళిళ్ళకూ వెళ్ళేవాణ్ణి, అక్షింతలు వేసి భోంచేసి వచ్చేవాణ్ణి. ఎవరి జీపూ ఎక్కేవాణ్ణి కాదు. నా సైకిలు నాకుండేది.

ఎన్నికల ముందు ఒక మధ్యాహ్నం. ముందు రోజు గాలివానకు ఇన్సులేటర్లు పగిలి నారాయణ లైను మీద ఉన్నాడు. బోర్డు వేలాడుతోంది. పై ఊళ్ళో ఆ సాయంత్రం సభ. పెద్ద నాయకుడు వస్తున్నాడు. మైకులు మూగబోయి ఉన్నాయి. కింది ఊరివాళ్ళే కావాలని కరెంటు తీయించారని ఎవరో రాజేశారు.

రెండు జీపులు వచ్చి ఆగాయి. పై ఊరి పెద్దాయన స్వయంగా దిగాడు. అందరూ ఆయన్ను పెద్దాయన అనే పిలిచేవాళ్ళు. వెనక ఆరుగురు. రెండో జీపులో సీటు కింద గోనెసంచి ఉంది. అందులో ఏముంటుందో ఆ రోజుల్లో మా వైపు చిన్న పిల్లలకు కూడా తెలుసు.

లేచి నిలబడి దండం పెట్టాను. నా కుర్చీ ఇచ్చాను. మంచినీళ్ళు ఇచ్చాను.

“నీళ్ళు యాల గాని, కరెంటు ఎయ్యప్పా” అన్నాడు.

“లైను మీద మనిషి ఉండాడయ్యా. దిగినాంక ఒక్క నిమిషం కూడా ఆపను.”

“దిగినాడంట గదా” అని వెనక్కి చూశాడు. ఆయన డ్రైవరు మస్తాన్ ముందుకు వచ్చాడు. నడివయసు మనిషి, అబద్ధాలాడే రకం కాదు. అదే కష్టం.

“నేనే చూసొచ్చినా సార్. నారాయణన్న పోలు దిగి నీళ్ళు తాగుతాండాడు. పెద్దాయన సబ్‌స్టేషన్‌కు పోతాండాడన్నా అంటే, సరే వస్తా అన్న్యాడు.”

అదే మాట. మళ్ళీ వచ్చింది నా దగ్గరికి, ఈసారి ఆరుగురు మనుషులతో.

“అది చాలదయ్యా. ఆయన నోటితో నాకు ఫోను రావల్ల” అన్నాను.

వెనక నుంచి ఒకడు “కింది ఊరోళ్ళు ఏమిచ్చినారు నీకు?” అన్నాడు. ఇంకొకడు “ఈడ ఉద్యోగం చెయ్యల్లా వద్దా?” అన్నాడు. వాడి చెయ్యి స్విచ్ వైపు రావడం చూసి నేను మధ్యలోకి జరిగాను. భయం పోయాక పనిచేద్దాం అనుకుంటే ఆ రోజు పనే ఉండేది కాదు.

ఫోను మోగింది. గబుక్కున ఎత్తాను. నారాయణ కాదు, జమ్మలమడుగు నుంచి మా ఇంజనీరు, ఏఈ గారు. పై ఊరివాళ్ళు ఆయనకూ ఫోను చేసి చెప్పినట్టున్నారు. గుంటూరు వైపు మనిషి, కొత్తగా వచ్చాడు, భార్యాపిల్లలతో ఉన్నాడు.

“దానియేలూ, వస్తున్నానన్నాడు కదయ్యా ఆ లైన్‌మన్. ఇంకా ఏమిటి ఆలస్యం? వేసెయ్యి, నేను చెబుతున్నానుగా.”

“సార్, మీ ఊళ్ళో ఇంట్లోంచి బయటికి పోయేటప్పుడు ఏమంటారు సార్?”

ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. మెల్లగా “సరే, నీ ఇష్టం” అని పెట్టేశాడు. నీ ఇష్టం అంటే తప్పు నీ మీద అని అర్థం. అలాంటి అధికారులు మీకూ దొరుకుతారు. ద్వేషించకండి. వాళ్ళ మీద ఆధారపడకండి, అంతే.

నాలో కోపం పొంగింది అప్పుడు. ఏదో ఒకటి అనేద్దామని నోరు తెరిచాను. అంటే ఏమయ్యేదో దేవుడికే తెలుసు. పెన్ను తీశాను. స్విచ్‌కు వీపు ఆనించి నిలబడి, అక్కడి నుంచి కనపడే మీటర్లు ఒక్కోటి చూసి రీడింగు రాయడం మొదలుపెట్టాను. నిదానంగా. ఇవతలి మూల నుంచి అవతలి మూల దాకా. మళ్ళీ మొదటి నుంచి. పెద్దాయన నన్నే చూస్తున్నాడు.

“ఏంది రాస్తాండావు?”

“రీడింగయ్యా.”

“ఇప్పుడు యాల?”

“నాకు కోపమొస్తే రాస్తానయ్యా.”

వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు.

మూడోసారి రాస్తుండగా ఫోను మోగింది.

“దానేలూ, నెంబరు ఇరవై ఏడు. లైను నీది.”

“యాడుండావు నారాయణా ఇంతసేపు?”

“ఇంకో పోలు మీద ఉంటి. మస్తాన్‌కు వస్తా అని చెప్పే ఎక్కినా గదప్పా. ఇప్పుడే దిగినా.”

ఆయన గొంతు పెద్దది. గది చిన్నది. అందరికీ వినపడింది. మస్తాన్ గోడకు ఆనుకుని కూలబడ్డాడు, రెండు చేతులతో ముఖం మూసుకున్నాడు. నేను బోర్డు తీసి స్విచ్ వేశాను. ఈసారి పడిపోలేదు, నిలబడింది.

పెద్దాయన చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. “మా తమ్ముడు గూడా అట్లే చెప్పి పోయినాడప్పా, వస్తా అని” అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు. ఆయన తమ్ముణ్ణి రెండేళ్ళ ముందు చంపేశారు. తర్వాత లేచాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. గేటు దగ్గర అలవాటు ప్రకారం వెనక్కి తిరిగి, “వస్...” అనబోయి ఆగాడు. “లైను నీదిలేప్పా” అని జీపెక్కాడు.

గ్రేసుకు

ఉద్యోగంలో పైకి రావడం ఎలాగో ఆ పుస్తకం చెబుతుంది. నేను చెప్పగలిగింది దానికంటే తక్కువ. నీ చెయ్యి ఎప్పుడు వణుకుతుందో, నీ చెవి దేన్ని తనకిష్టమైనట్టు వింటుందో తెలుసుకో. నువ్వు వినాలనుకున్న మాటే ఫోనులో వినపడుతుంది, అందుకే నెంబరు అడుగు. తప్పు చేస్తే కాకి మీద వేయకు. ఈ నాలుగు ముక్కలతో నా ఉద్యోగం గడిచిపోయింది. నా షిఫ్టులో లైను మీదికి వెళ్ళిన ప్రతి మనిషీ ఇంటికి వెళ్ళాడు. నాకు ఇంకేమీ అక్కర్లేదు, నిజంగా తృప్తిగా ఉన్నాను.

నారాయణ ఇప్పుడు మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటాడు. ఆదివారం నేను చర్చి నుంచి వచ్చే వేళకు వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. మోకాళ్ళు అరిగాయి, మెట్టు ఎక్కాలన్నా గోడ పట్టుకుంటాడు. కాఫీ తాగుతాం, పేపరు చదువుకుంటాం, వాళ్ళనూ వీళ్ళనూ తిట్టుకుంటాం. పొద్దెక్కాక కర్ర అందుకుని లేస్తాడు.

“వస్తా దానేలూ” అంటాడు.

నేను ప్రతిసారీ అడుగుతాను. “ఎక్కుతాండావా, దిగినావా?”

పోయిన వారం గ్రేసు కూడా అక్కడే ఉంది, యూనిఫాం సంచి పక్కన పెట్టుకుని. నారాయణ ఆ పిల్ల వైపు చూసి, మెట్టు కింద రెండు కాళ్ళూ నేల మీద ఆనించి నిలబడ్డాక, గట్టిగా చెప్పాడు.

“దిగినాప్పా. దిగినా.”